సి.కె.నాయుడు

సి.కె.నాయుడుగా ప్రసిద్ధి చెందిన కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబరు 31, 1895 - నవంబరు 14, 1967) భారత క్రికెట్ జట్టు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్. దూకుడైన బ్యాటింగ్‌కు, ముఖ్యంగా భారీ సిక్సర్లకు పేరుపొందిన ఈ కుడిచేతి వాటం ఆటగాడు తెలుగు కుటుంబానికి చెందినవాడు. నాగపూర్‌లో పుట్టి పెరిగి, ఇండోర్‌లో స్థిరపడ్డాడు. నెమ్మది మీడియం పేస్ బౌలర్‌గా, చురుకైన ఫీల్డర్‌గా కూడా రాణించాడు. టెస్ట్ క్రికెట్‌లో అడుగుపెట్టే నాటికే అతనికి 36 ఏళ్ళు నిండాయి. అందువల్ల ఆడిన టెస్టులు 7 మాత్రమే. అయితే ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అతని జీవితం 1916-17 సీజన్ నుండి 1963-64 సీజన్ వరకు విస్తరించింది. జట్టు నాయకత్వం రాజులకు, జమీందారులకు మాత్రమే దక్కుతున్న కాలంలో కేవలం ఆట బలంతో ఆ స్థానానికి చేరుకున్న క్రీడాకారుడు నాయుడు. అదే కారణంగా ఆ స్థానం అతనికి ఎక్కువ కాలం నిలవలేదు.

కుటుంబం, బాల్యం

నాయుడు పూర్వీకులు మచిలీపట్నం ప్రాంతం నుండి వెళ్ళి నాగపూర్‌లో స్థిరపడ్డారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో న్యాయవాది, భూస్వామి. భారత జాతీయ కాంగ్రెస్ తొలినాటి సభ్యులలో ఒకడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. ఇంగ్లాండు తరఫున టెస్టులు ఆడి పేరు తెచ్చుకున్న రంజిత్‌సింహ్‌జీ కూడా అదే విశ్వవిద్యాలయంలో చదివాడు.

నాయుడు విద్యాభ్యాసం నాగపూర్‌లో జరిగింది. అక్కడి హిస్లాప్ కాలేజియేట్ హైస్కూల్ జట్టుకు అతను నాయకత్వం వహించాడు. తర్వాత నాగపూర్‌లోని మోడీ క్రికెట్ క్లబ్‌లో చేరి ఆటను మెరుగుపరచుకున్నాడు. ఆరడుగులకు పైబడిన ఎత్తు, పొడవైన చేతులు, బలమైన మణికట్లు అతని ఆటకు సహజంగా తోడ్పడ్డాయి. బంతిని నేల మీదుగా పంపడం కన్నా బౌలర్ తల మీదుగా గాలిలోకి పంపడం అతనికి చిన్ననాటి నుండి ఇష్టం. గాలిలోకి కొట్టడం క్రమశిక్షణ లేని ఆటగా భావించే రోజులలో కూడా అతను ఆ పద్ధతిని విడిచిపెట్టలేదు.

సి.కె.నాయుడు తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా భారత్ తరఫున 11 టెస్టులు ఆడిన ఆల్‌రౌండర్. లెగ్‌స్పిన్ బౌలింగ్ చేసే సి.ఎస్.నాయుడు 1934లో కలకత్తాలో తన అన్న నాయకత్వంలోనే తొలి టెస్ట్ ఆడాడు.

క్వాడ్రాంగ్యులర్ పోటీలు

అప్పటికి దేశంలో రంజీ ట్రోఫీ లేదు. దేశవాళీ క్రికెట్‌లో అత్యంత ప్రధానమైనది బొంబాయి కేంద్రంగా జరిగే క్వాడ్రాంగ్యులర్ టోర్నమెంట్. ఇందులో యూరోపియన్లు, పార్శీలు, హిందువులు, ముస్లిములు నాలుగు వేర్వేరు జట్లుగా పాల్గొనేవారు. 1937లో ఐదవ జట్టు చేరడంతో ఇది పెంటాంగ్యులర్‌గా మారింది.

నాయుడు 1916లో ఈ పోటీలలో హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడాడు. జట్టు 7 వికెట్లు కోల్పోయి కష్టాలలో ఉన్నపుడు 9వ స్థానంలో క్రీజులోకి వచ్చాడు. మొదటి మూడు బంతులను అడ్డుకుని నాలుగవ బంతిని సిక్సర్ కొట్టి తన పరుగుల ఖాతా తెరిచాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా హిందువుల జట్టులో అతను ప్రధాన ఆటగాడుగా కొనసాగాడు.

1923లో హోల్కర్ సంస్థానాధీశుడు నాయుడును ఇండోర్‌కు ఆహ్వానించి తన సైన్యంలో కెప్టెన్‌గా నియమించాడు. తరువాత కల్నల్ హోదా లభించింది. అతని పేరుకు ముందు కల్నల్ అనే మాట చేరడానికి కారణం ఇదే. అప్పటి నుండి జీవితాంతం ఇండోర్ అతని స్వస్థలమైంది.

1926 నాటి 153 పరుగులు

1926-27లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎం.సి.సి.) జట్టు భారతదేశంలో పర్యటించింది. ఇంగ్లాండు టెస్ట్ ఆటగాళ్ళు పలువురు ఆ జట్టులో ఉన్నారు. బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టుకు, హిందువుల జట్టుకు మధ్య మ్యాచ్ జరిగింది. ఎం.సి.సి. మొదటి ఇన్నింగ్సులో 363 పరుగులు చేసింది. గై ఎర్ల్ 130 పరుగులతో, 8 సిక్సర్లతో ప్రేక్షకులను ఆశ్చర్యపరిచాడు.

దానికి సమాధానం డిసెంబరు 1, 1926న నాయుడు బ్యాటు నుండి వచ్చింది. రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు ఉన్నాయి. ఒక బంతి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. వార్త నగరంలో వ్యాపించడంతో జనం పనులు వదిలి మైదానానికి చేరుకున్నారు. చుట్టుపక్కల ఇళ్ళ మిద్దెల మీద, చెట్ల మీద కూర్చుని ఆట చూశారు. ఈ ఇన్నింగ్సుకు గుర్తింపుగా ఎం.సి.సి. అతనికి వెండి బ్యాటును బహూకరించింది.

ఈ ఇన్నింగ్సు ప్రాముఖ్యత పరుగుల లెక్కకు పరిమితమైనది కాదు. పాలకుల ఆటను వారికన్నా బాగా ఆడగలమన్న నమ్మకాన్ని అది సామాన్య ప్రేక్షకులలో కలిగించింది. భారతీయ ఆటగాళ్ళు టెస్ట్ క్రికెట్‌కు తగినవారని గిల్లిగన్ గుర్తించి, జాతీయ స్థాయిలో ఒక క్రికెట్ సంస్థ ఏర్పాటును ప్రోత్సహించాడు. గ్రాంట్ గోవన్, ఆంథోనీ డిమెల్లో తదితరుల కృషితో 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి (బి.సి.సి.ఐ.) ఏర్పడింది.

1932 ఇంగ్లాండు పర్యటన

1932లో భారత జట్టు ఇంగ్లాండులో పర్యటించింది. ఈ పర్యటనలో భారత్‌కు తొలి అధికారిక టెస్ట్ ఆడే అవకాశం లభించింది. నాటి క్రికెట్ నిర్వహణకు అవసరమైన ధనం సంస్థానాధీశుల నుండి వచ్చేది. కాబట్టి కెప్టెన్ పదవి కూడా వారికే దక్కడం ఆనవాయితీ. పోర్‌బందర్ మహారాజా కెప్టెన్‌గా, లింబ్డీ రాజకుటుంబానికి చెందిన ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్‌గా నియమితులయ్యారు. జట్టులో అత్యుత్తమ ఆటగాడైన నాయుడుకు ఆ రెండు పదవులలో ఏదీ లభించలేదు.

పోర్‌బందర్ మహారాజా తన ఆట స్థాయి తెలిసినవాడు. పర్యటనలో కొద్ది మ్యాచ్‌లు మాత్రమే ఆడి తనంతట తానుగా పక్కకు తప్పుకున్నాడు. టెస్ట్ సమయానికి వైస్ కెప్టెన్ గాయపడ్డాడు. దీనితో నాయకత్వం నాయుడుకు వచ్చింది. రాజవంశీకుడు కాని వ్యక్తి కింద ఆడటానికి కొందరు ఆటగాళ్ళు అయిష్టత చూపినా నిర్ణయం మారలేదు.

జూన్ 25, 1932న లార్డ్స్ మైదానంలో ఈ టెస్ట్ ప్రారంభమైంది. మహమ్మద్ నిస్సార్ వేగానికి ఇంగ్లాండు ఓపెనర్లు ఇద్దరూ బౌల్డ్ అయ్యారు, ఫ్రాంక్ వూలీ రనౌట్ అయ్యాడు. స్కోరు 3 వికెట్లకు 19 పరుగులు. తర్వాత కెప్టెన్ డగ్లస్ జార్డిన్ నిలదొక్కుకోవడంతో ఇంగ్లాండు 259 పరుగులు చేసింది. నిస్సార్ 5 వికెట్లు, నాయుడు 2 వికెట్లు పడగొట్టారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశాడు. భారత్ చేసిన 189 పరుగులలో అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు. చివరకు ఇంగ్లాండు 158 పరుగుల తేడాతో నెగ్గింది. మూడు రోజుల మ్యాచ్‌లో భారత్ ఓడినప్పటికీ తొలి టెస్ట్ ఆడుతున్న జట్టుగా గౌరవప్రదమైన ఆటను ప్రదర్శించింది.

పర్యటన మొత్తంలో నాయుడు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 40.45 సగటుతో 1618 పరుగులు సాధించాడు. లార్డ్స్‌లో ఎం.సి.సి. పై అజేయ సెంచరీ చేశాడు. బర్మింగ్‌హామ్‌లో వార్విక్‌షైర్ జట్టుపై ఆడుతున్నపుడు అతను కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రియా నదిని దాటిందని చెబుతారు. ఆ రోజులలో ఆ నది వార్విక్‌షైర్, వోర్సెస్టర్‌షైర్ కౌంటీలకు సరిహద్దు. ఒక కౌంటీలో కొట్టిన బంతి మరో కౌంటీలో పడిందన్న కథ ఇలా పుట్టింది. ఈ పర్యటనలో చూపిన ప్రతిభకు 1933లో విజ్డెన్ క్రికెటర్ ఆఫ్ ది ఇయర్ గౌరవం లభించింది. భారత జట్టు నుండి ఈ గౌరవం పొందిన మొదటి ఆటగాడు ఇతనే.

స్వదేశంలో టెస్టులు

1933-34లో జార్డిన్ నాయకత్వంలోని జట్టు భారత్‌కు వచ్చినపుడు మూడు టెస్టులకూ నాయుడే కెప్టెన్. భారతదేశంలో జరిగిన మొట్టమొదటి టెస్ట్ డిసెంబరు 15, 1933న బొంబాయి జింఖానా మైదానంలో మొదలైంది. ఏడేళ్ళ క్రితం అతను 11 సిక్సర్లు కొట్టిన మైదానం అదే. రెండవ ఇన్నింగ్సులో భారత్ 21 పరుగులకు 2 వికెట్లు కోల్పోయిన దశలో యువకుడైన లాలా అమర్‌నాథ్‌తో కలిసి నాయుడు 186 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాడు. అమర్‌నాథ్ 118 పరుగులతో భారత్ తరఫున తొలి టెస్ట్ సెంచరీ నమోదు చేశాడు. నాయుడు 67 పరుగులు చేశాడు. ఈ మ్యాచ్‌లో ఇంగ్లాండు 9 వికెట్లతో గెలిచింది. కలకత్తా టెస్ట్ డ్రా కాగా, మద్రాసు టెస్ట్‌లో ఇంగ్లాండు విజయం సాధించింది.

1936 పర్యటన - కెప్టెన్సీ వివాదం

1936 ఇంగ్లాండు పర్యటనకు కెప్టెన్ ఎంపికలో ఆటకన్నా పలుకుబడి ముందు నిలిచింది. మొదట అనుకున్న పటౌడీ నవాబు తప్పుకోగా, నాయుడును కాదని విజయనగర రాజకుటుంబానికి చెందిన విజయానంద గజపతిరాజును ఎంపిక చేశారు. విజ్జీగా పేరుపొందిన ఇతను క్రికెట్ కోసం ధనం ఖర్చు చేయడంలో ముందుండేవాడు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఆటగాళ్ళను సొంత ఖర్చుతో భారతదేశానికి రప్పించి తన జట్టులో ఆడించాడు. కానీ బ్యాట్స్‌మన్‌గా టెస్ట్ స్థాయి అతనికి లేదు. మూడు టెస్టులలో 33 పరుగులు మాత్రమే చేశాడు. భారత టెస్ట్ జట్టుకు మొదటి ఇద్దరు కెప్టెన్లూ తెలుగు మూలాలు ఉన్నవారే కావడం, వారిద్దరి మధ్యే ఈ పోటీ రావడం గమనించదగిన విషయం.

పర్యటనలో జట్టు వర్గాలుగా చీలింది. మంచి ఫాంలో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్ట్‌కు ముందే స్వదేశానికి పంపివేశారు. ఓవల్ టెస్ట్‌లో బాకా జిలానీకి చోటు దక్కడానికి అంతకుముందు అల్పాహార సమయంలో నాయుడును అవమానించడమే కారణమని ఆ కాలపు కథనాలు చెబుతాయి. పర్యటన తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది.

కెప్టెన్ పదవి పోయినా నాయుడు మూడు టెస్టులూ ఆడాడు. ఆగస్టు 1936లో ఓవల్‌లో జరిగిన మూడవ టెస్ట్ అతని చివరి టెస్ట్. ఫాలోఆన్ ఆడుతున్న భారత్‌కు రెండవ ఇన్నింగ్సులో అండగా నిలిచి 81 పరుగులు చేశాడు. గబ్బీ అలెన్ విసిరిన బంతి శరీరానికి బలంగా తగిలినా క్రీజు వదలలేదు. టెస్టులలో అతని అత్యధిక స్కోరు ఇదే. అప్పటికి అతని వయస్సు 40 సంవత్సరాలు. ఆ తర్వాత పదేళ్ళ పాటు భారత్ టెస్టులు ఆడలేదు. 1946లో తిరిగి ఆడే నాటికి అతని టెస్ట్ జీవితం ముగిసిపోయింది.

హోల్కర్ జట్టు

నాయుడు జీవితంలో రెండవ ముఖ్య ఘట్టం హోల్కర్ జట్టు. 1934-35లో రంజీ ట్రోఫీ ప్రారంభమైనపుడు అతను సెంట్రల్ ఇండియా తరఫున ఆడాడు. 1941-42 నుండి ఇండోర్ కేంద్రంగా హోల్కర్ జట్టు పోటీలలో పాల్గొన్నది. నాయుడు నాయకత్వంలో ఈ జట్టు 1944-45 నుండి 1952-53 వరకు 9 సీజన్లలో 8 పర్యాయాలు ఫైనల్‌కు చేరింది. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సీజన్లలో ట్రోఫీ గెలిచింది. ముస్తాక్ అలీ, చందు సర్వాటే, సి.ఎస్.నాయుడు, బి.బి.నింబాల్కర్ వంటి ఆటగాళ్ళు ఇందులో ఉన్నారు. ఇండోర్ బాలుడైన ముస్తాక్ అలీలోని ప్రతిభను తొలుత గుర్తించి తీర్చిదిద్దినవాడు నాయుడే. ఆ ముస్తాక్ అలీ 1936లో మాంచెస్టర్‌లో విదేశీ గడ్డపై భారత్ తరఫున తొలి టెస్ట్ సెంచరీ సాధించాడు.

1944-45 ఫైనల్‌లో బొంబాయిపై హోల్కర్ ఓడినా ఆ మ్యాచ్ రికార్డులకెక్కింది. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికుడిగా భారతదేశానికి వచ్చిన ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. సి.ఎస్.నాయుడు మ్యాచ్ మొత్తంలో 917 బంతులు వేశాడు. మరుసటి సీజన్‌లో మైసూరుపై హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఆ ఇన్నింగ్సులో ఆరుగురు సెంచరీలు చేయగా వారిలో సి.కె.నాయుడు ఒకడు. అదే సీజన్‌లో బరోడాతో జరిగిన ఫైనల్‌లో అతను 200 పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అతని అత్యధిక స్కోరు ఇదే. అప్పటికి అతనికి 50 ఏళ్ళు నిండాయి.

కెప్టెన్‌గా నాయుడు క్రమశిక్షణకు మారుపేరు. ఆటగాడు నొప్పిని బయటికి చూపకూడదన్నది అతని నియమం. 1951-52లో బొంబాయితో జరిగిన మ్యాచ్‌లో దత్తు ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి అతని పళ్ళు ఊడిపోయాయి. 56 ఏళ్ళ నాయుడు వైద్యసహాయం నిరాకరించి, పిచ్‌పై పడిన పళ్ళను పక్కకు తప్పించి ఆట కొనసాగించాడు. వేగం తగ్గించవద్దని బౌలర్‌ను ఆదేశించాడు. ఇతరుల నుండి ఆశించిన కాఠిన్యాన్ని మొదట తన విషయంలో పాటించడం వలన అతని మాటకు విలువ ఉండేది.

ఆంధ్ర జట్టు నాయకత్వం, చివరి మ్యాచ్‌లు

నాయుడు జీవితంలో ఎక్కువ భాగం తెలుగు ప్రాంతాలకు వెలుపలే గడిచినా సంబంధం పూర్తిగా తెగిపోలేదు. హైదరాబాదు జట్టు తరఫున కూడా ఆడాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ప్రవేశించినది కూడా 1953-54 సీజన్‌లోనే. ఆ తొలి సీజన్‌లో జట్టుకు నాయకత్వం వహించినది 58 ఏళ్ళ సి.కె.నాయుడు. పూర్వీకులు విడిచివచ్చిన నేలకు ఆ విధంగా ప్రాతినిధ్యం వహించాడు.

1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున ఆడి రంజీ ట్రోఫీ నుండి విరమించాడు. అప్పటికి అతనికి 61 ఏళ్ళు. ఆ సీజన్‌లో రాజస్థాన్‌పై చేసిన 84 పరుగులలో వినూ మన్కడ్ బౌలింగ్‌లో కొట్టిన సిక్సర్లు ఉన్నాయి. 1963-64లో నాగపూర్‌లో మహారాష్ట్ర గవర్నర్, ముఖ్యమంత్రి జట్ల మధ్య జరిగిన మ్యాచ్ అతని ఆఖరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్. 68 ఏళ్ళ వయస్సులో పుట్టిన ఊరిలోనే అతని ఆట ముగిసింది.

ఆటకు వెలుపల

ప్రజాదరణ వల్ల వాణిజ్య ప్రకటనలలో కనిపించిన తొలి భారతీయ క్రికెటర్ కూడా నాయుడే. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో అతను కనిపించాడు. భారత జట్టు సెలక్షన్ కమిటీ అధ్యక్షుడిగా, బి.సి.సి.ఐ. ఉపాధ్యక్షుడిగా, రేడియో వ్యాఖ్యాతగా పనిచేశాడు. భారత ప్రభుత్వం 1956లో పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అతని కుమార్తె చంద్ర నాయుడు భారతదేశపు తొలితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరు. తండ్రి జీవితం గురించి ఆమె ఒక పుస్తకం రచించింది. ఆమె 2021లో మరణించింది.

గణాంకాలు

7 టెస్టులలో నాయుడు 25.00 సగటుతో 350 పరుగులు చేశాడు. ఇందులో 2 అర్థసెంచరీలు ఉన్నాయి. బౌలింగ్‌లో 9 వికెట్లు పడగొట్టాడు. 4 టెస్టులకు నాయకత్వం వహించగా భారత్ 3 ఓడిపోయింది, ఒకటి డ్రా చేసుకుంది. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 207 మ్యాచ్‌లు ఆడి 35.94 సగటుతో 11825 పరుగులు, 26 సెంచరీలు సాధించాడు. 411 వికెట్లు తీసుకున్నాడు. టెస్ట్ గణాంకాలు మాత్రమే చూస్తే నాయుడు సామాన్యమైన ఆటగాడుగా కనిపిస్తాడు. అతని ఉత్తమ దశ భారత్‌కు టెస్టులు లేని కాలంలో గడిచిపోయిందని గుర్తుంచుకుంటేనే అతని స్థానం అర్థమవుతుంది.

మరణం, స్మృతి

సి.కె.నాయుడు నవంబరు 14, 1967న ఇండోర్‌లో 72 ఏళ్ళ వయస్సులో మరణించాడు.

బి.సి.సి.ఐ. 1994లో అతని పేరుతో జీవిత సాఫల్య పురస్కారాన్ని నెలకొల్పింది. భారత మాజీ ఆటగాళ్ళకు బోర్డు ఇచ్చే అత్యున్నత గౌరవం ఇది. మొదటి పురస్కారాన్ని 1933లో బొంబాయిలో నాయుడుతో కలిసి బ్యాటింగ్ చేసిన లాలా అమర్‌నాథ్ అందుకున్నాడు. యువ ఆటగాళ్ళ కోసం జరిగే దేశవాళీ పోటీకి కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీ అని పేరు పెట్టారు. ఆంధ్ర, హైదరాబాదు జట్లు కూడా ఇందులో పాల్గొంటాయి. హైదరాబాదు తూర్పున నాచారం, మల్లాపూర్‌లకు పొరుగున ఉన్న ఉప్పల్ స్టేడియంలో 2005లో తొలి అంతర్జాతీయ వన్డే, 2010లో తొలి టెస్ట్ జరిగాయి. నాయుడు ఆడిన 7 టెస్టులలో తెలుగు ప్రాంతంలో జరిగినది ఒక్కటీ లేదు. నేడు హైదరాబాదు, ఆంధ్ర యువకులు భారత జట్టుకు చేరే దారిలో ఆడే పోటీలలో ఒకటి మాత్రం అతని పేరు మీదనే ఉంది.